చెరువు గట్టు ఫోటో నేత పటమయ్యే దారి

షోలాపూర్ తూర్పు పేటల్లో మగ్గాల చప్పుడు లేవకముందే ఈ పని మొదలవుతుంది. తయారయ్యేది గోడకు వేలాడదీసే నేత పటం. 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు. తెల్లని పడుగు, ముదురు నీలం పేక. అందులో సిద్ధేశ్వర చెరువు, చెరువు నడుమ గుడి, నీళ్ళలో గుడి నీడ. బట్ట మీద అద్దిన రంగు ఎక్కడా ఉండదు. ప్రతి గీతా పోగు పైకి లేవడం వల్లో కిందికి దిగడం వల్లో ఏర్పడినదే. దీనికి ముడిసరుకు రెండే: వసంతకాలపు పొద్దుటి వెలుగు, పది పటాలకు ఒక కిలో నూలు.

ఈ పని పట్టుబడిన చేతులు పద్మశాలీలవి. 19వ శతాబ్దంలో తెలంగాణ పల్లెల నుంచి కరువులకు తాళలేక, పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చినవాళ్ళ సంతతి వీళ్ళు. 1870లలో షోలాపూర్‌లో బట్టల మిల్లు వెలిశాక ఆ రాక ఇంకా పెరిగింది. పాత మిల్లులు మూతపడ్డాయి. నేత మాత్రం సాఖర్ పేట, అశోక్ చౌక్, దత్తనగర్ సందుల్లోనూ, అక్కల్‌కోట రోడ్డు షెడ్లలోనూ నిలిచింది. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ మాట్లాడే ఈ పేటలే షోలాపూర్ చద్దరుకూ టవలుకూ పేరు తెచ్చాయి. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. నేత పటం చద్దరుకు తోబుట్టువు. బొమ్మ ప్రకారం పోగులను ఎత్తే జకార్డు యంత్రం అదే, నూలు అదే. చద్దరు మీద పువ్వు మళ్ళీ మళ్ళీ వస్తుంది. పటంలో ఈ అంచు నుంచి ఆ అంచుదాకా బొమ్మ ఒక్కటే.

మొదటి పని చోటు ఎంచుకోవడం. కరువు సీమే అయినా షోలాపూర్‌కు చెరువులున్నాయి. ఊరికి ఈశాన్యాన 1871 నాటి ఎక్రుఖ్ జలాశయం ఉంది. హిప్పర్గా చెరువు అని కూడా అంటారు. విజాపూర్ రోడ్డు వైపు కంబర్ తలావ్ ఉంది. పక్షుల ఫోటోలకు రెండూ మంచివే కానీ బట్టకు కుదరవు. విశాలమైన నీళ్ళు, దూరాన సన్నని ఒడ్డు, నడుమ చుక్కంత పక్షి కాగితం మీద బాగుంటాయి. మగ్గం ఎక్కితే అంతా ఖాళీగా కనిపిస్తుంది. నేతకు నిండైన ఆకారం కావాలి. అది సిద్ధేశ్వర చెరువులో దొరుకుతుంది. 12వ శతాబ్దపు శివయోగి, కన్నడ వచనకారుడు సిద్ధరామేశ్వరుడు తవ్వించాడని చెప్పుకునే చెరువు ఇది. నీళ్ళ నడుమ గుడి, పడమటి పక్కన పాతకోట.

రెండోది రుతువు. జనవరిలో సంక్రాంతి జాతర సందడి, పొద్దుటి పొగమంచు. వానాకాలంలో మబ్బు. మార్చిలో, ఉగాదికి అటూ ఇటూగా, ఆకాశం తేటగా ఉంటుంది. రావి పాత ఆకు రాల్చి రాగిరంగు చిగురు తొడుగుతుంది. వేప పూతకొస్తుంది. చిగురు ముదిరి గుబురు కట్టేలోపు కొమ్మకు కొమ్మ విడిగా కనిపించే రోజులు కొద్దిగానే ఉంటాయి. నేతకు పనికొచ్చే చెట్టు ఆ రోజుల్లోని చెట్టే. గుబురు చెట్టు బట్ట మీద నీలం ముద్ద అవుతుంది. కొమ్మలు తేలిన చెట్టు చెట్టుగానే నిలుస్తుంది.

మార్చి మూడోవారంలో ఇక్కడ సూర్యోదయం ఆరున్నరకు. ఆరింటికల్లా గట్టు చేరాలి. ఆ వేళకు గాలి 20–22 డిగ్రీల దగ్గర ఉంటుంది. మధ్యాహ్నానికి 37 దాటుతుంది. కోట వైపు నిలబడి తూర్పుకు తిరిగితే పొద్దు గుడి వెనక నుంచి పొడుస్తుంది. ఫోటో నేర్పేవాళ్ళు మొదట వద్దనేది ఈ ఎదురువెలుగునే. బట్టకు కావలసింది కూడా ఇదే. గోడల పెచ్చులు, తీగలు, బోర్డులు అన్నీ ఒకే నలుపులో కలిసిపోతాయి. శిఖరం అంచు మాత్రం కత్తిరించినంత స్పష్టంగా మిగులుతుంది.

కెమెరాను ట్రైపాడ్ మీద నిలువుగా బిగించాలి. మామూలు డిజిటల్ కెమెరా ఫ్రేము నిష్పత్తి 2:3. పటం అంచులు తీసేస్తే బొమ్మ కొలత 16 అంగుళాలు, 24 అంగుళాలు, అదీ 2:3. కాబట్టి గట్టు మీద ఫ్రేములో ఏది పెడితే అదే బట్ట మీదికి వస్తుంది. తర్వాత కత్తిరించే పని ఉండదు. ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్ 8. మీటరు ఆకాశం మీద చూసుకుంటే షట్టర్ వేగం వెలుగు పెరిగేకొద్దీ సెకనులో 60వ వంతు నుంచి 250వ వంతుదాకా మారుతుంది. ఆరూ ఇరవై నుంచి ఆరూ యాభై వరకే అసలు పని. నీళ్ళు అప్పుడు కదలకుండా ఉంటాయి. ఏడున్నరకు గాలి లేస్తే గుడి నీడ ముక్కలైపోతుంది.

ఆ అరగంటలోనూ ఒకేచోట నిలబడటం ఉండదు. గట్టు వెంట ఇరవై అడుగులు నడవడం, ఆగడం, చూడటం. ఎడమకు జరిగితే చెట్టు శిఖరాన్ని తాకుతుంది. కుడికి జరిగితే రెండింటి నడుమ ఆకాశం సందు తెరుచుకుంటుంది. ఆ సందు కావాలి. బట్ట మీద అది అర అంగుళమైనా లేకపోతే చెట్టూ శిఖరమూ అతుక్కుపోయినట్టు కనిపిస్తాయి. కెమెరా ఎత్తు తగ్గించి నీళ్ళకు దగ్గరగా దించితే పైన గుడి, కింద నీడ సరిసమానంగా కుదురుతాయి.

రాయి మీద రెక్కలు ఆరబెట్టుకుంటూ నీటికాకి కనిపిస్తే దానికీ లెక్క ఉంది. పటంలో అంగుళానికి 50 పడుగు పోగులు. పక్షి ముక్కు తెలియాలంటే దానికి కనీసం నాలుగైదు పోగులు దక్కాలి. అంటే పక్షి మొత్తం అంగుళానికి తగ్గకూడదు. 16 అంగుళాల బొమ్మలో అంగుళమంటే ఫ్రేము వెడల్పులో 16వ వంతు. కెమెరా తెర మీద అంతకన్నా చిన్నగా ఉన్న పక్షిని ఎంత ముద్దొచ్చినా వదిలేయాల్సిందే. గట్టు మీద నడిచేవాడు అప్పుడే నేతగాడి లెక్కలో చూడటం మొదలుపెడతాడు.

ఇంటికొచ్చాక ఏరివేత. ఫోటోలన్నింటినీ తెర మీద తపాలా బిళ్ళంత చేసి చూస్తారు. అంత చిన్నగా ఉన్నప్పుడు కూడా ఇది గుడి, ఇది నీరు, ఇది చెట్టు అని తెలిస్తే ఆ ఫోటో మగ్గానికి పనికొస్తుంది. పెద్దగా చేస్తేనే అందం తెలిసేవి పక్కకు పోతాయి. మిగిలిన ఒకటి రెండింటిని రంగు తీసేసి నలుపు తెలుపుల్లోకి మారుస్తారు.

ఇప్పుడు ఫోటో నక్షదారు చేతికి వస్తుంది. నక్ష అంటే గళ్ళ కాగితం మీది నేత నమూనా. ఒక్కో గడి ఒక పడుగు పోగూ ఒక పేక పోగూ కలిసే చోటు. పాతరోజుల్లో గ్రాఫు కాగితం మీద కుంచెతో గడి గడికీ రంగు నింపేవాళ్ళు. ఇప్పుడు ఎక్కువగా కంప్యూటర్ తెర మీద. ఆయన ఫోటో చూసి మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఇండ్ల ఏది ఉండాలె తమ్మీ?" గుడి, నీళ్ళు, ఒక చెట్టు అని చెబితే, "మరి ఈ ఆకులన్నీ ఎందుకు? ఆకులు నేస్తే గడ్డి అయితది. కొమ్మలు ఉంచుదాం" అంటాడు. రెండున్నర కోట్ల చుక్కలున్న ఫోటోను ఎనిమిది లక్షల లోపు గళ్ళలోకి దించాలి. అంటే ముప్పై చుక్కలకు ఒక గడి. మిగతా ఇరవై తొమ్మిదిలో ఏది పోయినా నష్టం లేదో తేల్చడమే నక్షదారు విద్య.

లెక్క ఇలా నడుస్తుంది. మగ్గం మీద 400 హుక్కుల జకార్డులు రెండు. మొత్తం 800 హుక్కులు. ఒక్కో హుక్కు ఒక్కో పడుగు పోగును ఎత్తుతుంది. అంగుళానికి 50 పోగులు కాబట్టి 16 అంగుళాలకు సరిగ్గా 800. పేక అంగుళానికి 40 వరసలు; 24 అంగుళాలకు 960. 800ను 960తో గుణిస్తే 7,68,000 గళ్ళు. పడుగు 50, పేక 40 కావడం వల్ల గడి చతురస్రంగా ఉండదు, కొంచెం నిలువుగా సాగి ఉంటుంది. అందుకే తెర మీద నక్ష పొట్టిగా, శిఖరం నొక్కేసినట్టుగా కనిపిస్తుంది. నక్షదారు దాన్ని సరిచేయడు. మగ్గం మీద పేక సర్దుకున్నాక శిఖరం తన ఎత్తుకు తాను లేస్తుందని ఆయనకు తెలుసు.

తర్వాత ఛాయలు. నూలుకు బూడిదరంగు లేదు. ఉన్నవి తెలుపు, నీలం. నడుమ ఛాయలను కట్టుతో తెస్తారు. కట్టు అంటే పడుగూ పేకా ఒకదాన్నొకటి పట్టుకునే పద్ధతి. ఎనిమిది పోగుల శాటిన్ కట్టులో ఎనిమిదింట ఒక పడుగు పోగు పైకి కనిపిస్తే ఆ చోటు దాదాపు నీలం; ఏడు కనిపిస్తే దాదాపు తెలుపు. అటూ ఇటూ కలిపి 7 ఛాయలు. గుడికి అన్నిటికన్నా ముదురు ఛాయ. నీళ్ళలో నీడ దానికన్నా ఒక మెట్టు తేలిక. ఆకాశం అన్నిటికన్నా తెలుపు. నీళ్ళలో ఆకాశం ఒక మెట్టు ముదురు. కంటికి నీరు నీరుగా తోచేది ఈ ఒక్క మెట్టు తేడా వల్లే. రెండూ సమానం చేస్తే గుడి తలకిందులుగా వేలాడినట్టు ఉంటుంది, చెరువు కనబడదు. చివరగా ఒంటిచుక్కలు తుడిచి, ఎనిమిది పోగుల కన్నా పొడుగ్గా తేలే పేక ఎక్కడైనా ఉంటే నడుమ ఒక కట్టు వేస్తారు; వేయకపోతే రేపు గోరు తగిలి పోగు లేస్తుంది. ఈ పనికి మూడు రోజులు.

నక్ష పూర్తయ్యాక అట్టలు. జకార్డు చదివేది అట్టనే: పోగు లేవాల్సిన చోట చిల్లు, లేవక్కర్లేని చోట నిండు అట్ట. 400 హుక్కుల అట్ట మీద నిలువున ఎనిమిది, అడ్డంగా యాభై చిల్లులకు చోటు. ఒక పేక వరసకు రెండు జకార్డులకూ ఒక్కొక్క అట్ట. 960 వరసలకు 1,920 అట్టలు. చిల్లులు కొట్టే పియానో మిషను ముందు కూర్చున్నవాడు నక్ష మీద ఒక వరస చదువుతూ వేళ్ళతో మీటలు నొక్కి, కాలితో తొక్కుతాడు. తొక్కిన ప్రతిసారీ అట్ట ఒక నిలువు వరస ముందుకు జరుగుతుంది. అట్టకు నిమిషంన్నర చొప్పున, రోజుకు ఎనిమిది గంటలు కూర్చుంటే ఆరు రోజుల పని. తర్వాత అట్టలను వరస తప్పకుండా తాడుతో కుట్టి గొలుసు చేస్తారు. ఒక అట్ట తలకిందులైతే శిఖరంలో అడ్డంగా ఒక గీత పడుతుంది.

ఈ అట్టల చరిత్ర 1804లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జోసెఫ్ మరీ జకార్డ్ తయారు చేసిన యంత్రం దాకా పోతుంది. 1839లో అదే ఊళ్ళో జకార్డ్ రూపాన్నే పట్టులో నేశారు. దానికి 24,000 అట్టలు పట్టాయి. చూసినవాళ్ళు అది నేసిన బట్టంటే నమ్మలేదు, చెక్కడపు ముద్ర అనుకున్నారు. ఆ ఏడాదే పారిస్‌లో దగేర్ ఫోటో పద్ధతిని లోకానికి వెల్లడించారు. వెలుగుతో పట్టిన బొమ్మ, పోగుతో కట్టిన ఆ బొమ్మ ఒకే ఏట ఒకే దేశంలో జనం ముందుకొచ్చాయి. షోలాపూర్ కార్ఖానాలో ఈ రెండూ ఒకే బల్ల మీద కలుస్తాయి.

ఇటు అట్టలు సిద్ధమవుతుండగా అటు రంగుల కార్ఖానాలో నూలు ఉడుకుతుంది. వాడేది 2/20 నూలు: 20వ నంబరు పోగులు రెండు కలిపి పురిపెట్టినది. పది పటాలకు పడుగు 550 గ్రాములు, పేక 400 గ్రాములు. పడుగు తెల్లగా చలువ చేసినది. పేక చిలపలను (నూలు చుట్టలను) ముందు కాస్టిక్ సోడా నీళ్ళలో రెండు గంటలు ఉడికించి జిడ్డు తీస్తారు. తర్వాత వ్యాట్ రంగు. ఇది నీళ్ళలో కరగదు. కాస్టిక్, హైడ్రోస్ అనే రసాయనం కలిపి కరిగేలా చేస్తారు. 400 గ్రాముల నూలుకు 8 లీటర్ల నీళ్ళు, 16 గ్రాముల రంగు, కాస్టిక్ 60 గ్రాముల పైన, హైడ్రోస్ 50 గ్రాముల దాకా. వేడి 55 నుంచి 60 డిగ్రీలు, 45 నిమిషాలు. రంగు వేసేవాడు చిలపలను కర్రల మీద తిప్పుతూనే ఉంటాడు, ఆపితే మచ్చ. నీలాల్లో కొన్ని 60 దాటితే మసకబారుతాయి, అందుకే మంట మీద కన్ను తీయడు. బయటికి తీసి అరగంట గాలికి ఆరేస్తే రంగు మళ్ళీ కరగని స్థితికి మారి పోగు లోపల గట్టిపడుతుంది. చివరికి సబ్బు నీళ్ళలో పావుగంట మరగబెట్టి జాడిస్తారు. ఉతికినా ఎండలో ఉన్నా దిగని రంగు అది.

ఆరిన నూలు ఇళ్ళలోకి వెళుతుంది. పేటల్లో బీడీలు చుట్టే చేతులే కండెలు కూడా చుడతాయి. నాడె అంటే పేకను పడుగు నడుమ అటూ ఇటూ తీసుకెళ్ళే సాధనం; కండె అంటే అందులో పెట్టే చిన్న పేక చుట్ట. చుట్టు వదులైతే నాడె పరుగులో పేక ఉచ్చులు పడుతుంది, బిగువైతే తెగుతుంది. కండె తిప్పే అవ్వ బొటనవేలితోనూ చూపుడు వేలితోనూ పోగు పట్టుకుని ఆ బిగువు తూస్తుంది. పేక మందం ఎక్కడ మారినా నీళ్ళలో చార కనిపిస్తుంది కాబట్టి చెరువు నునుపు ఆ రెండు వేళ్ళ మీద ఆధారపడి ఉంటుంది.

పడుగు సాగదీయడం తర్వాతి మెట్టు. మొత్తం 1,000 పోగులు: బొమ్మకు 800, రెండు అంచులకు వంద చొప్పున. నూలు చుట్టిన వంద డబ్బాల నుంచి ఒక్కసారి వంద పోగులు తీసి, డ్రమ్ము మీద 10 గజాల పొడవున రెండంగుళాల పట్టీగా చుడతారు. అలాంటి పట్టీలు పది. పురి నూలు కాబట్టి గంజి పెద్దగా అక్కర్లేదు. పట్టీలన్నీ ఒకే బిగువుతో బీము మీదికి ఎక్కాలి. ఒకటి వదులైతే ఆకాశంలో నిలువు చార పడుతుంది. దీనికి ఒక రోజు.

పోగులు ఎక్కించడం ఓపిక పని. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు పోగు అందిస్తే, ఒకరు జకార్డు నుంచి దిగిన దారం కంట్లోంచి లాగుతారు. ఒక్కో దారం కింద సన్నని ఇనుప కడ్డీ బరువు వేలాడుతుంటుంది. పైకి లేచిన పోగును మళ్ళీ దించేది అదే. ఆపైన పన్నెలోంచి తీయాలి. పన్నె అంటే పేకను దువ్వి దగ్గరకు కొట్టే దువ్వెన. ఇక్కడ వాడేది 50వ నంబరుది, అంగుళానికి 25 పళ్ళు, పంటికి రెండు పోగులు. రెండు రోజులు పడుతుంది. ఒకసారి ఎక్కితే మళ్ళీ ఈ బాధ లేదు. పాత పడుగు చివరకు కొత్తది అతికితే సగం రోజులో అయిపోతుంది.

ఇక నేత. ముందు నాలుగంగుళాలు నేసి చూస్తారు, అట్టల వరస, ఛాయలు సరిపోయాయా అని. తర్వాత అసలు పటం. కాలు తొక్కగానే పైన జకార్డు అట్టను సూదులకు ఆనిస్తుంది. చిల్లు ఉన్నచోట హుక్కు లేస్తుంది, పోగు లేస్తుంది, నాడె దూరుతుంది, పన్నె కొడుతుంది. నిమిషానికి పదిహేను వరసలు. పైనా కిందా సాదా పట్టీలతో కలిపి పటానికి 1,200 వరసలు. ఎనభై నిమిషాల నేత, కండెలు మార్చడానికీ తెగిన పోగులు అతకడానికీ కలిపితే రెండు, రెండున్నర గంటలు.

బొమ్మలో తెలుపే ఎక్కువ, అంటే పడుగే ఎక్కువ. బొమ్మ ముఖం పైకి పెట్టి నేస్తే ప్రతి వరసకూ వందల పోగులు ఎత్తాలి, కాలికి బరువు. అందుకని బొమ్మను కిందికి తిప్పి నేస్తారు. నేతగాడి కళ్ళ ముందు ఉండేది వెనకవైపు: గుడి తెల్లగా, ఆకాశం నీలంగా, ఎడమ కుడిగా. ముఖాన తెలుపు తేలిన ప్రతి చోటా వెనక నీలం తేలుతుంది కాబట్టి బట్ట వెనకవైపుకూ ఫోటో నెగెటివ్‌కూ ఏమాత్రం తేడా లేదు. చీకటి గదిలో నెగెటివ్ చదివినవాళ్ళ మాదిరిగానే నేతగాడు ఆ తిరగేసిన బొమ్మను చదువుతూ తప్పు పట్టుకుంటాడు. అనుమానం వస్తే మగ్గం కింద అద్దం పెట్టి ముఖం చూస్తాడు.

అన్నిటికన్నా కష్టం దెబ్బ సమానంగా ఉంచడం. అంగుళానికి 40 వరసలు పడాలి. చెయ్యి కాస్త బరువై 42 పడ్డాయనుకోండి, 24 అంగుళాల బొమ్మ 23 లోపే ముగుస్తుంది, శిఖరం కురచబడుతుంది. నేతగాడు ప్రతి అంగుళానికీ కొలబద్ద పెట్టి కొలవడు. పన్నె తగిలిన చప్పుడే ఆయనకు కొలత. కొత్తవాళ్ళు మాత్రం స్కేలు పక్కనే పెట్టుకోవాలి.

మగ్గం దించిన బట్టను కోసి, పైఅంచూ కిందిఅంచూ మడిచి కర్ర దూరేలా కుడతారు. తడిగుడ్డ వేసి వెనకవైపు నుంచి కాటన్ వేడి మీద ఇస్త్రీ చేస్తే శాటిన్ పోగులు సర్దుకుని మెరుపు తేలుతుంది. తూకం 90 గ్రాముల లోపు. పైన చెక్క కర్ర, దానికి తాడు. పటం సిద్ధం.

ఇప్పుడు ఖర్చు చూడండి. నూలు ఒక కిలో. దాని ధరను పది పటాల మీద పంచితే పటానికి పడేది తక్కువే. మిగతాదంతా రోజుల ఖర్చు: నక్షకు 3, అట్టలకు 6, రంగుకు 1, పడుగుకు 1, పోగులు ఎక్కించడానికి 2, నేతకు మూడున్నర, కుట్టూ ఇస్త్రీకి అరరోజు. పదిహేడు రోజులు. అన్నీ పనితనం తెలిసినవాళ్ళ రోజులే. రెండో విడత పదింటికి నక్ష, అట్టలు ఉన్నవే. అతుకుతో కలిపి ఆరున్నర రోజులు చాలు. ధర అడిగేవాళ్ళు నూలు బరువు చూసి అడుగుతారు. చెప్పాల్సింది రోజుల లెక్క.

వాడిన అట్టలను కట్టకట్టి, మీద పేరు రాసి అటక మీద పెడతారు. చెడకుండా ఉంటే ఎన్నేళ్ళకైనా అదే బొమ్మ మళ్ళీ వస్తుంది. ఈ అటకల మీద దేవుళ్ళ, నాయకుల, నెమళ్ళ కట్టలు ఇప్పటికే చాలా ఉన్నాయి. ఊరి చెరువు బొమ్మ ఉన్నవి తక్కువ. పేటల్లో ఇప్పుడు దాదాపు ప్రతి ఇంట్లో కెమెరా ఉన్న ఫోను ఉంది, పొద్దున్నే చెరువు గట్టు మీద నడిచే పిల్లలున్నారు. వాళ్ళు తీసిన ఫోటోల్లో ఒక మంచిదాన్ని పట్టుకుని నక్షదారు గడప తొక్కాలి. ఏది ఉంచాలో ఆయన అడుగుతాడు. ఏది వదలాలో ఆయనే నేర్పుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ తిరిగిన పిల్లవాడు మరుసటి మార్చిలో గట్టు మీద ఇంకా బాగా చూస్తాడు, నక్షదారుకు మరో మూడు రోజుల పని దొరుకుతుంది.